రాయికి కాటా ఉన్నది, మరి నీటికో?

పిడుగురాళ్ళ నుంచి దాచేపల్లి వెళ్ళే దారికి కాస్త ఎడంగా ఉన్న ఒక సున్నపురాయి క్వారీలో కిందటి వేసవిలో ఒక పూట గడిపాను. గేటు పక్కనే కాటా ఉన్నది. బయటికి పోయే ప్రతి లారీ దాని మీద ఎక్కి ఆగవలసిందే. ఖాళీ బండి బరువెంత, రాయి నింపిన బండి బరువెంత, రెంటికీ తేడా ఎంత అన్నది చీటీ మీద అచ్చయి వస్తుంది. గుమాస్తా ఆ చీటీల కట్టలు గర్వంగా చూపించాడు. ఒక్కటి కూడా తప్పిపోలేదట.

అంతలో ఒక ట్యాంకరు, దుమ్ము లేవకుండా దారి మీద నీళ్ళు చల్లుకుంటూ మా ముందు నుంచి వెళ్ళింది.

"రోజుకు ఎన్ని ట్యాంకర్లు చల్లుతారు?" అని అడిగాను.

"నాలుగో అయిదో ఉంటాయి సార్."

"ఆ నీళ్ళు ఎక్కడివి?"

"కొన్ని గుంటలోవి, కొన్ని బోరువి."

"కొన్ని అంటే ఎన్ని?"

అతను నవ్వేశాడు. "నీళ్ళకు లెక్క ఎవరు రాస్తారు సార్!"

అతని తప్పేమీ లేదు. రాయిని ఎందుకు తూస్తారో ఆలోచించండి. తవ్విన ప్రతి టన్నుకూ ప్రభుత్వానికి రాయల్టీ కట్టాలి. కొన్నవాడు టన్నుల లెక్కన డబ్బు ఇస్తాడు. లారీ యజమానికి బాడుగ కూడా టన్నుల మీదే. డబ్బు దేని వెంట నడుస్తుందో కొలత కూడా దాని వెంటే నడుస్తుంది. నీటికి ఎవరూ డబ్బు అడగలేదు కాబట్టి దానికి కాటా పెట్టలేదు. పల్నాడు లాంటి చోట ఇది సరయిన పని కాదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

పలనాటి సీమకు రాయి కొత్త కాదు, నీటి కరువూ కొత్త కాదు. శ్రీనాథుడివని చెప్పుకునే చాటుపద్యాలలో ఇక్కడి నాపరాళ్ళ ప్రస్తావన ఉన్నది, నాగులేటి నీళ్ళ ప్రస్తావనా ఉన్నది. కవిగారు రెంటినీ మెచ్చుకోలేదనుకోండి. తరవాత 1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967లో కుడి కాలువకు నీరు వదిలారు. కాలువ కింది భూముల్లో వరి, పత్తి, మిరప పండాయి. కాని కాలువ నీరు పల్లానికి పారుతుంది గాని మెరకకు ఎక్కదు గదా! మాచర్ల వైపు మెట్ట గ్రామాల వారు అప్పుడూ బావుల మీద, బోర్ల మీద ఆధారపడ్డారు, ఇప్పుడూ అంతే. ఆ ప్రాంతానికి నీరు ఎక్కించడానికి దశాబ్దాలుగా అడుగుతున్న వరికపూడిసెల ఎత్తిపోతల పథకానికి 2023 నవంబరులో శంకుస్థాపన చేశారు. 2022లో నరసరావుపేట కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. అయినా జిల్లా పటం మీద కాలువ గీత ఎక్కడ ఉన్నదో, దానికి పైనున్న భూములు ఎక్కడ ఉన్నాయో మారలేదు.

ఇక రాయి సంగతి. ఇక్కడి సున్నపురాయి కోట్ల సంవత్సరాల కిందట సముద్రం అడుగున పేరుకున్న బురద. అందులో ముఖ్యమైనది కాల్షియం కార్బొనేట్. మాచర్లలో సిమెంటు కర్మాగారం 1958లోనే వచ్చింది. పిడుగురాళ్ళకు సున్నపు బట్టీల ఊరని పేరు. సిమెంటు, సున్నం, ఇంటి నేల మీద పరిచే నాపరాళ్ళు, ఇవన్నీ ఆ పాత సముద్రం మనకు ఇచ్చినవే.

సున్నపురాయికి ఒక విచిత్రమైన గుణం ఉన్నది. వాన నీరు గాలిలోని, నేలలోని కార్బన్ డయాక్సైడును కొంచెం కలుపుకొని బలహీనమైన ఆమ్లం అవుతుంది. ఆ నీరు రాతి పగుళ్ళలోకి దిగి, రాతిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. వేల, లక్షల ఏళ్ళు ఇలా కరిగితే సన్నని పగులు గొట్టమంత అవుతుంది, గొట్టం గుహ అవుతుంది. మీలో చాలామంది గుత్తికొండ బిలం చూసే ఉంటారు. చీకట్లో తడుముకుంటూ లోపలికి పోతే నీటి మడుగులు కనిపిస్తాయి. ఆ గుహను ఏ కూలీ తవ్వలేదు, నీరే తవ్వింది. పలనాటి నేల కింద మనం చూడలేని చిన్న చిన్న బిలాలు, దారులు ఇంకా ఎన్నో ఉండవచ్చు.

దీనివల్ల ఒక చిక్కు వస్తుంది. ఇసుక నేలలో అయితే ఒక చోట నీరు తోడితే చుట్టూ నీటి మట్టం ఇంచుమించు సమంగా, గరాటు ఆకారంలో దిగుతుంది. దగ్గరి బావికి ఎక్కువ నష్టం, దూరపు బావికి తక్కువ. సున్నపురాతిలో ఆ నియమం పనిచేయకపోవచ్చు. క్వారీ పక్కనే ఉన్న బావికి ఏమీ కాకుండా, మైలు దూరంలో ఉన్న బావి ఎండిపోవచ్చు. భూమి లోపలి దారి ఎటు ఉన్నదో దాన్ని బట్టి ఉంటుంది.

ఇప్పుడు తగవు ఎలా వస్తుందో చూడండి. క్వారీ లోతు పెరిగి, భూగర్భ జలమట్టం కంటే కిందికి దిగుతుంది. అడుగున నీరు ఊరుతుంది. పని సాగాలంటే మోటారు పెట్టి తోడెయ్యాలి. ఊళ్ళో రైతు, "క్వారీ వచ్చాక నా బోరు ఎండిపోయింది" అంటాడు. యజమాని, "వానలు లేక ఎండింది, మేము తోడేది గుంటలో నిలిచిన వాన నీరే" అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. ఇద్దరూ పొరబడి ఉండవచ్చు. తీర్పు చెప్పవలసిన అధికారి చేతిలో ఏమున్నది? రాయి చీటీలు ఉన్నాయి. నీటి చీటీ ఒక్కటీ లేదు. అప్పుడు ఎవరి గొంతు పెద్దదయితే వారి మాట నెగ్గుతుంది. పిడుగురాళ్ళ, దాచేపల్లి ప్రాంతాల్లో అనుమతి లేకుండా సున్నపురాయి తవ్విన వ్యవహారం హైకోర్టు దాకా పోయింది. అక్కడ పోయిన రాయిని గుంటల కొలత తీసి లెక్కగట్టవచ్చు. పోయిన నీటిని అలా వెనక్కి వెళ్ళి లెక్కగట్టడం ఎవరి తరమూ కాదు. అది పోయిన రోజునే కొలిచి ఉండాలి.

కొలిస్తే ఏం తెలుస్తుంది? ఒక లెక్క చేద్దాం. పెన్సిలు తీసుకోండి. అంకెలు నేను ఊహించి వేసినవి. ఏ ఒక్క క్వారీవీ కావు.

ఒక క్వారీ గుంట వైశాల్యం 10 హెక్టార్లు. ఏడాదిలో 700 మిల్లీమీటర్ల వాన పడింది. ఒక హెక్టారు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 10 ఘనపు మీటర్లు, అంటే 10,000 లీటర్లు. కాబట్టి గుంటలో పడిన వాన 70,000 ఘనపు మీటర్లు. చుట్టూ కట్ట ఉన్నది, బయటి నీరు లోపలికి రాదు. ఇక ఖర్చు వైపు చూడండి. మోటారుకు బిగించిన మీటరు ప్రకారం ఏడాదిలో తోడిన నీరు 60,000 ఘనపు మీటర్లు. గుంట అడుగున రెండు హెక్టార్ల మడుగు ఉన్నది. పలనాటి ఎండకు మడుగు మీద నుంచి ఏడాదికి ఒకటిన్నర మీటర్ల నీరు ఆవిరయిందనుకుందాం. అది 30,000. ఆరిన నేల మీద పడి అక్కడికక్కడే ఆవిరయిపోయిన వాన 20,000. ఏడాది చివర మడుగులో నిలవ, మొదట ఉన్నదాని కంటే 5,000 పెరిగింది.

ఖర్చు, నిలవ కలిపితే 1,15,000. వచ్చిన వాన 70,000. మరి మిగతా 45,000 ఘనపు మీటర్లు ఎక్కడ నుంచి వచ్చాయి?

రాతి లోపల నుంచి వచ్చాయి. చుట్టుపక్కల బావులకూ బోర్లకూ కూడా చెందిన నీరు అది. నాలుగున్నర కోట్ల లీటర్లు. మిరప తోటకు ఏడాదికి 600 మిల్లీమీటర్ల నీరు పెట్టాలనుకుంటే ఏడున్నర హెక్టార్ల తోటకు సరిపోయే నీరు. "వాన నీరే తోడుతున్నాం" అన్న మాటలో ఎంత నిజమో ఒక తీసివేత చెప్పేసింది. లెక్క తిరగబడి, భూమిలో నుంచి వచ్చింది ఏమీ లేదని తేలితే? అప్పుడు యజమాని మీద పడిన నింద పోతుంది. లెక్కకు పక్షపాతం లేదు. ఆవిరి అంచనాలో పదో వంతు తప్పు దొర్లినా ఇక్కడ జవాబు మూడు వేలు అటో ఇటో అవుతుంది. అంతే గాని 45,000 సున్నా అయిపోదు. కచ్చితంగా కొలవలేం కాబట్టి అసలు కొలవం అనేవారికి ఇదే నా సమాధానం.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. మన కంటే ఎండగా ఉండే ఆస్ట్రేలియాలో ఖనిజ పరిశ్రమల సంఘం, క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వారితో కలిసి గనులకు ఒక నీటి పద్దు తయారుచేసింది. లోపలికి వచ్చిన నీరు, బయటికి పోయిన నీరు, నిలవ ఉన్న నీరు, గని వాడుకోకుండా పక్క నుంచి మళ్ళించిన నీరు అని వేరు వేరుగా రాస్తారు. వచ్చిన నీరు ఎంత మంచిదో కూడా రాయాలి. తాగడానికి పనికివచ్చే నీటిని దారి మీద చల్లడం, ఉప్పు నీటిని దారి మీద చల్లడం ఒకటి కాదు గదా! మన దేశంలోనూ కేంద్ర భూగర్భ జల ప్రాధికార సంస్థ 2020 సెప్టెంబరులో వచ్చిన మార్గదర్శకాలలో మీటర్లు, నీటి మట్టం చూసే పరిశీలక బోర్లు ఉండాలని చెప్పింది. రోజుకు 100 ఘనపు మీటర్లకు మించి భూగర్భ జలం తోడే పరిశ్రమ ఏటా నీటి ఆడిట్ చేయించుకోవాలని కూడా చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌కు 2002 నుంచీ నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం ఉన్నది. కాగితం మీద మనం వెనకబడి లేము.

కొలత వల్ల ఇంకో లాభం ఉన్నది. ఎక్కడ పొదుపు చేయవచ్చో, ఎక్కడ చేయలేమో తెలుస్తుంది. "నీరు తక్కువ వాడండి" అని గోడ మీద రాయడం సులభం. ఎక్కడ తక్కువ వాడాలి?

సున్నపు బట్టీనే తీసుకోండి. రాయిని కాలిస్తే కార్బన్ డయాక్సైడు పోయి పొడిసున్నం మిగులుతుంది. దాని మీద నీళ్ళు పోస్తే బుసబుసమని పొంగి, వేడి పుట్టి తడిసున్నం అవుతుంది. మీ రసాయన శాస్త్రం పుస్తకంలో ఉన్నదే: 56 గ్రాముల పొడిసున్నం 18 గ్రాముల నీటితో కలిసి 74 గ్రాముల తడిసున్నం అవుతుంది. ఈ లెక్కన ఒక టన్ను పొడిసున్నానికి 321 లీటర్లు కావాలి. ఆ వేడికి ఆవిరయ్యేది దీనికి అదనం. ఈ 321 లీటర్లను ఏ ఇంజనీరూ తగ్గించలేడు. అవి సున్నంలో భాగమయిపోతాయి. అదే బట్టీలో టన్నుకు వెయ్యి లీటర్లు పోస్తున్నారనుకోండి, అప్పుడు మాత్రం ఎవరో ఒకరు పైపు కట్టకుండా వదిలేశారేమో చూడాలి.

సిమెంటులో పూర్వం తడి పద్ధతి ఉండేది. రాతిపొడిని నీటితో కలిపి, చిక్కని అంబలిలా చేసి బట్టీలోకి పంపేవారు. ఆ అంబలిలో మూడో వంతు దాకా నీరే. ఆ నీటినంతా మళ్ళీ బొగ్గు పెట్టి ఆవిరి చెయ్యాలి. కలపడం ఎందుకు, కాల్చడం ఎందుకు! పొడి పద్ధతి వచ్చాక నీరూ మిగిలింది, బొగ్గూ మిగిలింది. నాపరాళ్ళు కోసే యంత్రాలకు నీరు తప్పదు, రంపం చల్లబడాలి, దుమ్ము అణగాలి. కాని అక్కడ నీరు ఖర్చు కాదు, తెల్లని పాలలా బురద పట్టి బయటికి వస్తుంది అంతే. రెండు మూడు తొట్లలో నిలవబెడితే బురద అడుగున దిగి, పైనున్న నీరు మళ్ళీ రంపానికి పనికివస్తుంది. దాన్ని రోడ్డు పక్కన వదిలేస్తే నీరూ పోతుంది, ఆ బురద ఎండి దుమ్మయి మన ముక్కుల్లోకి వస్తుంది.

ఇక దారి మీద చల్లే నీరు. రెండు కిలోమీటర్ల దారి, పది మీటర్ల వెడల్పు, చదరపు మీటరుకు ఒక లీటరు చొప్పున ఒక్కసారి చల్లితే 20,000 లీటర్లు. ఎండాకాలం రోజుకు ఎనిమిది సార్లు చల్లితే 1,60,000 లీటర్లు. పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్ల మంచినీరు ఇవ్వాలన్నది జల జీవన్ మిషన్ పెట్టుకున్న ప్రమాణం. ఆ లెక్కన దాదాపు 2,900 మందికి సరిపోయే నీరు దుమ్ము మీద పడిపోతోంది. అలాగని చల్లడం మానెయ్యమని నేను అనను. దుమ్ము పీల్చే కూలీ ఊపిరితిత్తులు కూడా లెక్కలోకి రావాలి. చల్లేది మాత్రం గుంటలోని నీరు కావాలి, తాగే బోరు నీరు కాకూడదు. గుంట నీరు సరిపోతుందా లేదా అన్నది పద్దు చూస్తేనే తెలుస్తుంది.

మరి గుంట నీటిని ఊరికి ఇవ్వవచ్చు గదా అని మీరు అడగవచ్చు. ఇవ్వవచ్చు. సింగరేణి బొగ్గు గనుల నుంచి తోడిన నీరు చుట్టుపక్కల పొలాలకూ చెరువులకూ పోతున్నది. కాని పరీక్ష చేయకుండా తాగకూడదు. రాయి పేల్చడానికి వాడే మందులో అమ్మోనియం నైట్రేటు ఉంటుంది. పేలకుండా మిగిలింది నీటిలో కరుగుతుంది. తాగే నీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించరాదని భారత ప్రమాణం. సున్నపురాతి నీటికి కాఠిన్యం ఎలాగూ ఎక్కువే, అందులో పప్పు ఉడకదని మీ అమ్మగారికి తెలుసు. ఇంకో మాట. పాడుబడ్డ క్వారీ గుంటలు ఈతకు పనికిరావు. గట్లు నిట్టనిలువుగా ఉంటాయి, అడుగు పెట్టిన మరుక్షణం నిలువు లోతు, పైకి ఎక్కడానికి పట్టు దొరకదు.

చిన్న యజమానులు ఒక అభ్యంతరం చెబుతారు. "పెద్ద సిమెంటు కంపెనీకి మీటర్లు, కంప్యూటర్లు ఉంటాయి. నాలుగు బట్టీలు పెట్టుకున్న మాకు అంత ఖర్చు ఎక్కడిది?" ఇది నిజమైన అభ్యంతరమే. ఈ బట్టీల మీద వేల కుటుంబాలు బతుకుతున్నాయి. వారి మీద పెద్ద కంపెనీ నిబంధనలే మోపడం నాకు ఇష్టం లేదు. కాని కొలతకు ఎప్పుడూ ఖరీదయిన యంత్రమే అక్కరలేదు. 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండిందో చూసి, మోటారు రోజుకు ఎన్ని గంటలు నడిచిందో పుస్తకంలో రాస్తే చాలు. డ్రమ్ము 40 సెకన్లలో నిండితే సెకనుకు 5 లీటర్లు, గంటకు 18,000 లీటర్లు. దీనికి కావలసింది గడియారం ఒకటి, ఓపిక కొంచెం. పెద్ద క్వారీలకు మాత్రం నేను ఒక్క అంగుళం కూడా తగ్గను. మీటరు ఉండాలి, పరిశీలక బోరు ఉండాలి, ఆ నెల అంకెలు గేటు బయట బోర్డు మీద తెలుగులో రాసి ఉండాలి. ఆఫీసు బీరువాలో ఉన్న కొలత ఊరికి ఉపయోగపడదు.

మీరూ కొలవవచ్చు. పారే కాలువకు ఒక ఉపాయం ఉన్నది. రేకు ముక్కలో సరిగ్గా లంబకోణం ఉండేలా త్రికోణపు గాడి కోసి, కాలువకు అడ్డంగా నిలబెట్టండి. మొన కిందికి ఉండాలి. పక్కల నుంచి నీరు కారకుండా బంకమట్టి పెట్టండి. గాడి మొన నుంచి నీటి మట్టం ఎంత ఎత్తున ఉన్నదో చూడండి. రేకు దగ్గర నీరు కిందికి వంగుతుంది, కాబట్టి కాస్త వెనక్కి నిలబడి కొలవాలి. ఎత్తు 5 సెంటీమీటర్లు ఉంటే సెకనుకు ముప్పాతిక లీటరుకు కొంచెం పైన. 10 సెంటీమీటర్లు ఉంటే? రెట్టింపు అనుకుంటారు. కాదు, నాలుగు లీటర్లు దాటుతుంది! ఎత్తు రెండింతలయితే నీరు అయిదున్నర రెట్లకు పైగా పెరుగుతుంది. కంటి అంచనా ఎంత మోసం చేస్తుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

క్వారీ దగ్గరి ఊళ్ళో మీ బడి ఉంటే, నాలుగు బావులు ఎంచుకోండి. తాడుకు మీటరుకు ఒక ముడి వేసి, చివర రాయి కట్టి, నెలకు ఒకసారి ఒకే తేదీన, ఒకే వేళకు, మోటార్లు వేయక ముందు నీటి మట్టం చూడండి. పెద్దవాళ్ళు పక్కన ఉండగానే బావి దగ్గరికి పోవాలి సుమా! అదే పుస్తకంలో వాన ఎంత పడిందో రాయండి. ఒక ఏడాది రాస్తే ఏమీ తేలకపోవచ్చు. మూడు నాలుగు ఏళ్ళు, మీ తరవాతి తరగతుల వాళ్ళ చేతికి పుస్తకం అందిస్తూ రాస్తే, వాన బాగా పడిన ఏట కూడా మట్టం దిగిందా అన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

క్వారీ గుమాస్తాకు వచ్చేటప్పుడు ఒక పని అప్పగించాను. ట్యాంకరు వెళ్ళినప్పుడల్లా కాటా గది గోడ మీద సుద్దముక్కతో ఒక గీత పెట్టమన్నాను. "దానికేం సార్" అన్నాడు. మర్నాడు సాయంత్రం ఫోను చేశాడు. గీతలు పదకొండు ఉన్నాయట. అయిదు వేల లీటర్ల ట్యాంకరు. నాలుగో అయిదో అన్న మనిషి తానే లెక్కపెట్టి తానే నమ్మలేక, డ్రైవరును పిలిచి అడిగాడట.

"సార్, పదకొండూ సరే. ఇంతకీ ఇవి ఎక్కడి నీళ్ళని రాయమంటారు? గుంటవనా, బోరువనా? డ్రైవరును అడిగితే ఏది దగ్గరయితే దాంట్లో నింపుతానంటున్నాడు."

రెండు రంగుల సుద్దముక్కలు కొనమని చెప్పాను.